షెవ్రోలే స్మాల్ బ్లాక్ రేసింగ్ ఇంజనుకు క్రాంక్‌షాఫ్ట్ ఎంపిక: పోత, ఫోర్జింగ్, బిల్లెట్‌లలో ఏది ఎవరికి?

రేసింగ్ ఇంజను కట్టించుకునేవారు, పిస్టన్‌ల రాకపోకలను తిరుగుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్ దగ్గరికి వచ్చేసరికి ముందుగా ఉక్కు రకం గురించే అడుగుతారు. 4340 రకం ఉక్కు మంచిదా, దిమ్మ నుంచి చెక్కిన బిల్లెట్ మంచిదా, అచ్చులో పోసిన పోత క్రాంక్‌తో సరిపెట్టుకోలేమా అన్నవే ఆ ప్రశ్నలు. ఇవి అడగవలసినవే గాని, మొట్టమొదట అడగవలసినవి కావు. విరిగిన క్రాంక్‌షాఫ్ట్‌ను చేతిలోకి తీసుకుని, విరిగిన ముఖాన్ని వెలుతురులో పెట్టి చూడండి. రాడ్ జర్నల్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే రాడ్ పట్టుకునే గుండ్రటి భాగం), దాని పక్కనున్న వెబ్ (జర్నల్‌లను కలిపే పలక) కలిసే మూలలో ఒకచోట లోహం నున్నగా, ఒకదాని వెనుక ఒకటిగా సన్నని వంపు గీతలతో కనిపిస్తుంది. మిగిలిన ముఖమంతా గరుకుగా, గింజలు గింజలుగా ఉంటుంది. నున్నని భాగం పగులు నెమ్మదిగా పాకిన దూరం, గరుకు భాగం చివరి క్షణంలో తెగిన మేర. క్రాంక్ మన్నిక ఆ మూలలో తేలుతుంది కనుక, డబ్బు కూడా ఆ మూలను చూసే పెట్టాలన్నది నా అభిప్రాయం. ఉక్కు పేరు దాని తరువాతి మాట.

ఇక్కడ షెవ్రోలే స్మాల్ బ్లాక్ వీ8ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. 1955లో మొదలైన ఈ కుటుంబంలో 1967లో వచ్చిన 350 ఘనపు అంగుళాల (5.7 లీటర్ల) ఇంజను అమెరికాలోని డ్రాగ్ స్ట్రిప్‌ల (నేరుగా పరుగెత్తే పోటీ బాటల) మీద, మట్టి ఓవల్ ట్రాకుల మీద దశాబ్దాలుగా పరుగెడుతోంది, 1997లో ఎల్‌ఎస్1తో మొదలైన కొత్త తరం ఇప్పుడు దాని పక్కన నిలబడింది. పోత ఇనుము మొదలు బిల్లెట్ దాకా అన్ని రకాల క్రాంక్‌లూ ఈ ఒక్క ఇంజనుకే దొరుకుతాయి కాబట్టి పోల్చి చూడటానికి ఇది ఎంతో అనువైనది. టెక్సాస్‌లోనో మిషిగన్‌లోనో ఉంటూ పాత కమారో (షెవ్రోలే కారు)ను వారాంతపు పోటీలకు సిద్ధం చేసుకుంటున్న తెలుగువారికి ఇందులోని కొలతలు నేరుగా పనికొస్తాయి. చెన్నై, కోయంబత్తూరు ట్రాకుల కోసం నాలుగు సిలిండర్ల ఇంజను కట్టేవారికి అంకెలు మారతాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

భారం ఎక్కడి నుంచి వస్తుంది

క్రాంక్ మీద పడే భారమనగానే హార్స్‌పవర్ గుర్తుకొస్తుంది. ఎక్కువ వేగంతో తిరిగే ఇంజనులో పిస్టన్ జడత్వం నుంచి కూడా పెద్ద భారం వస్తుంది. 350 ఇంజను స్ట్రోక్, అంటే పిస్టన్ ఒక కొస నుంచి మరో కొసకు కదిలే దూరం, 88.4 మిల్లీమీటర్లు. పిస్టన్, పిన్, రింగులు, రాడ్ పైభాగం కలిపి 750 గ్రాములు తూగుతాయనీ, రాడ్ పొడవు 5.7 అంగుళాలనీ అనుకుందాం. 7,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వద్ద పిస్టన్ పైకొసకు చేరి వెనక్కి మళ్ళే క్షణంలో ఆ ముప్పావు కిలో లోహమే రాడ్ జర్నల్‌ను సుమారు 23,000 న్యూటన్ల బలంతో, అంటే రెండు టన్నులు దాటిన బరువుతో, లాగుతుంది. 8,000 ఆర్‌పీఎం వద్ద అది 30,000 న్యూటన్లు దాటుతుంది. వేగం ఏడో వంతు పెరిగితే లాగుడు దాదాపు మూడో వంతు పెరిగిందన్నమాట. పైగా ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివరన ఈ లాగుడుకు ఎదురు నిలిచే గ్యాస్ పీడనం సిలిండరులో ఉండదు. అందుకే తేలికైన పిస్టన్, తేలికైన పిన్ కొనుక్కోవడం కూడా క్రాంక్ ఆయుష్షు పెంచే పనే.

రెండో లెక్క, ఈ భారం ఎన్నిసార్లు పడుతుందన్నది. డ్రాగ్ రేసుల్లో అత్యంత వేగవంతమైన తరగతికి చెందిన టాప్ ఫ్యూయెల్ డ్రాగ్‌స్టర్ వెయ్యి అడుగుల పరుగును నాలుగు సెకన్ల లోపే ముగిస్తుంది. నిమిషానికి 8,000 చొప్పున చూసినా ఆ పరుగులో క్రాంక్ తిరిగేది ఐదు వందల సార్లకు కాస్త అటూ ఇటూ మాత్రమే. అదే ఓవల్ ట్రాకు మీద 8,500 ఆర్‌పీఎంతో మూడు గంటలు సాగే పోటీలో క్రాంక్ 15 లక్షలకు పైగా చుట్లు తిరుగుతుంది. మొదటిదానిలో లోహం ఒక్కో దెబ్బకు వంగకుండా, తెగకుండా నిలవాలి. రెండోదానిలో చిన్న దెబ్బలే లక్షలసార్లు తగిలినా పగులు పుట్టకుండా ఉండాలి. ఈ రెండూ ఉక్కు నుంచి కోరే గుణాలు వేరు కనుక, డ్రాగ్ రేసులో పేరు తెచ్చుకున్న క్రాంక్‌నే కళ్ళు మూసుకుని ఓవల్ ఇంజనులో వేయడం సరికాదు.

పోత, ఫోర్జింగ్, బిల్లెట్

మామూలు పోత ఇనుము తన్యత బలం చదరపు అంగుళానికి 70,000 నుంచి 80,000 పౌండ్లు. చాలా 350 ఇంజన్లలో కంపెనీ వేసిన నాడ్యులర్ ఇనుప (మామూలు దానికన్నా గట్టి పోత ఇనుప) క్రాంక్‌ది సుమారు 95,000. విడిగా అమ్మే పోత ఉక్కు క్రాంక్‌ది 1,05,000 ప్రాంతం. ఫోర్జింగ్‌లలో 1053 ఉక్కు 1,10,000, 5140 ఉక్కు 1,15,000, 4130 ఉక్కు 1,25,000, 4340 ఉక్కు 1,40,000 దాకా వెళ్తాయని వ్యాపారంలో చెప్పుకునే లెక్కలు. ఈ అంకెలన్నీ నమూనా కడ్డీని ఒక్కసారి లాగి తెంపినప్పటివి. నునుపు చేసిన ఉక్కు కడ్డీ అలసటకు (పదేపదే పడే భారంతో పగులు పుట్టడానికి) లోనుకాకుండా ఓర్చుకునే హద్దు అందులో సగం దగ్గర ఉంటుంది. మూల పదునుగా ఉన్నా, గ్రైండింగ్ గీత మిగిలిపోయినా ఆ సగం కూడా చాలావరకు కరిగిపోతుంది. గరుకు మూలలున్న 4340 క్రాంక్ కన్నా మూలలు శ్రద్ధగా తీర్చిన తక్కువ రకం ఉక్కు క్రాంక్ ఎక్కువకాలం నిలవవచ్చని నేను చెప్పడానికి కారణమిదే.

పోత క్రాంక్‌ను చులకన చేయవలసిన అవసరం లేదు. నాడ్యులర్ ఇనుము కంపనాన్ని ఉక్కు కన్నా బాగా మింగుకుంటుంది, మూలలను రోలర్లతో నొక్కి గట్టిపరిస్తే కంపెనీ లెక్కగట్టిన వేగాల్లో ఏళ్ళ తరబడి నడుస్తుంది. దాని లోపం వేరు. హద్దు దాటినప్పుడు అది సాగదు, హెచ్చరిక ఇవ్వదు, తటాలున విరుగుతుంది. 350కి 6,000, మహా అయితే 6,500 ఆర్‌పీఎం, 400 నుంచి 450 హార్స్‌పవర్ అన్నది పోత క్రాంక్‌కు వర్క్‌షాపుల్లో పాటించే గీత. ఇది శాసనమేమీ కాదు గాని, దాటి వెళ్ళేవాళ్ళు ఇంజను బ్లాక్‌ను కూడా పణంగా పెడుతున్నట్టే.

ఫోర్జింగ్ సంగతి కమ్మరి కొలిమి చూసినవారికి విడమరచి చెప్పనక్కర్లేదు. ఎర్రగా కాలిన ఇనుమును సుత్తితో మలిచినప్పుడు లోపలి పోగులు కొడవలి వంపు వెంటే వంగినట్టు, అచ్చులో ఒత్తిన ఉక్కులో రేణువుల వరుస జర్నల్ నుంచి వెబ్‌లోకి, వెబ్ నుంచి తరువాతి జర్నల్‌లోకి తెగకుండా సాగుతుంది. ఇక్కడ ఒక మాట తప్పక అడగాలి. కొన్ని ఫోర్జింగ్‌లను చదునుగా ఒకే తలంలో ఒత్తి, తరువాత వేడిమీదే మెలితిప్పి రాడ్ జర్నల్‌లను 90 డిగ్రీల స్థానాలకు తెస్తారు. మరికొన్నిటిని అచ్చులోనే సరైన కోణాల్లో ఒత్తుతారు. రెండో పద్ధతిలో లోహంలో మిగిలిపోయే ఒత్తిడి తక్కువ కాబట్టి, ధర దగ్గరగా ఉన్నప్పుడు మెలితిప్పని ఫోర్జింగ్‌నే తీసుకోండి.

బిల్లెట్ క్రాంక్‌ను గుండ్రటి ఉక్కు దిమ్మ నుంచి యంత్రంతో చెక్కుతారు. అన్నిటికన్నా ఖరీదైనది కనుక అన్నిటికన్నా బలమైనదన్న అభిప్రాయం బాగా పాతుకుపోయింది. నిజానికి దిమ్మలో రేణువుల వరుస పొడవునా నిటారుగా ఉంటుంది. రాడ్ జర్నల్‌ను చెక్కేటప్పుడు ఆ వరుస తెగుతుంది. అయినా బిల్లెట్ గెలిచేది వేరే కారణాల వల్ల. శూన్యంలో మళ్ళీ కరిగించి శుద్ధి చేసిన ఉక్కును ఎంచుకోవచ్చు, స్ట్రోక్, జర్నల్ కొలత, కౌంటర్‌వెయిట్ (రాడ్ జర్నల్‌కు ఎదురుగా తూగే బరువు) ఆకారం ఎలా కావాలంటే అలా చేయించుకోవచ్చు, ప్రతి ముక్కను తయారీలో అడుగడుగునా పరీక్షించవచ్చు. అచ్చు దొరకని కొలత కావాల్సినవారికీ, వెయ్యి హార్స్‌పవర్ దాటి, సిలిండర్లలోకి గాలిని నొక్కిపంపే సూపర్‌ఛార్జర్‌తో నడిపేవారికీ దాని ధర న్యాయమైనది. 600 హార్స్‌పవర్ 350 ఇంజనుకు బిల్లెట్ కొనడం కన్నా ఆ మిగులుతో మంచి రాడ్‌లు, డ్యాంపర్ (క్రాంక్ కంపనాన్ని అణచే చక్రం), నూనె వ్యవస్థ కొనుక్కోవడం ఎంతో మేలు.

పాత సామాన్ల దుకాణంలో పోతకూ ఫోర్జింగ్‌కూ తేడా పట్టడానికి వెబ్ అంచు చూడండి. పోత క్రాంక్ మీద అచ్చు రెండు సగాలూ కలిసినచోట సన్నని, పదునైన గీత ఒకటి ఉంటుంది. ఫోర్జింగ్ మీద అదే చోట పొంగిన ఉక్కును కోసేసి గ్రైండ్ చేసిన వెడల్పాటి పట్టీ, దాదాపు వేలి వెడల్పున, కనిపిస్తుంది. తాడుకు వేలాడదీసి చిన్న సుత్తితో తడితే ఫోర్జింగ్ గంటలా మోగుతుంది, పోతది మందంగా పలుకుతుంది. మోగవలసిన ఫోర్జింగ్ మందంగా పలికితే పగులుందేమోనని అనుమానించాలి.

స్ట్రోక్ పెంచితే ఏం పోతుంది

ముందునుంచి చూస్తే మెయిన్ జర్నల్ (బ్లాక్‌లో కూర్చుని తిరిగే భాగం) వృత్తమూ రాడ్ జర్నల్ వృత్తమూ కొంతమేర ఒకదానిమీద ఒకటి పడతాయి. దీన్నే ఓవర్‌ల్యాప్ అంటారు. రెండు జర్నల్‌ల వ్యాసాలూ కలిపి, స్ట్రోక్ తీసేసి, సగం చేస్తే అదెంతో వస్తుంది. క్రాంక్ గట్టిదనానికి ఇంత తేలికగా దొరికే కొలమానం ఇంకొకటి లేదు, అయినా కొనేముందు ఈ లెక్క వేసేవారు తక్కువ.

350లో మెయిన్ జర్నల్ 62.2 మిల్లీమీటర్లు, రాడ్ జర్నల్ 53.3, స్ట్రోక్ 88.4 కనుక ఓవర్‌ల్యాప్ 13.6 మిల్లీమీటర్లు. 1968 కమారో జడ్/28లోని 302 ఇంజనుకూ జర్నల్‌లు అవే, స్ట్రోక్ మాత్రం 76.2, ఓవర్‌ల్యాప్ 19.7 మిల్లీమీటర్లకు చేరుతుంది. ఆ ఇంజను అంత వేగంగా తిరగగలగడంలో పొట్టి స్ట్రోక్‌కూ, ఈ ఓవర్‌ల్యాప్‌కూ, ఫోర్జింగ్ క్రాంక్‌కూ మూడింటికీ పాత్ర ఉంది. ఇప్పుడు అందరికీ ఇష్టమైన 383 స్ట్రోకర్‌ను (స్ట్రోక్ పెంచి 383 ఘనపు అంగుళాలకు తెచ్చిన 350ను) చూడండి. స్ట్రోక్ 95.25 మిల్లీమీటర్లు కావడంతో ఓవర్‌ల్యాప్ 10.2కు పడిపోతుంది. రాపిడి తగ్గించడానికి రాడ్ జర్నల్‌ను హోండా కొలత 48 మిల్లీమీటర్లకు కుదిస్తే 7.5 మాత్రమే మిగులుతుంది. 88.4 స్ట్రోక్‌తో 5140 చాలిన చోటే 95.25 స్ట్రోక్‌కు 4340 కావాలనడానికి ఇదే ఆధారం.

తొలిరోజుల్లో 383 కట్టేవారు 400 ఇంజను క్రాంక్ తెచ్చి, దాని 67.3 మిల్లీమీటర్ల మెయిన్ జర్నల్‌లను 350 బ్లాక్‌లో పట్టేలా 62.2కు చెక్కేవారు. ఆ 400 క్రాంక్ కంపెనీ నుంచి పోత రూపంలోనే వచ్చింది. చెక్కడంతో దాని ఓవర్‌ల్యాప్ 12.7 నుంచి 10.2 మిల్లీమీటర్లకు తగ్గేది. వీధిలో తిరిగే బండికి అది చెల్లింది. 350 కోసమే తయారైన 95.25 స్ట్రోక్ ఫోర్జింగ్‌లు విరివిగా దొరికే ఈ రోజుల్లో రేసింగ్ ఇంజనుకు దాన్ని వాడటానికి కారణం కనిపించదు.

మూల, గట్టిదనం, నూనె రంధ్రం

జర్నల్, వెబ్ కలిసే మూలలోని గుండ్రదనాన్ని ఫిల్లెట్ అంటారు. రేసింగ్ క్రాంక్‌లో దాని వ్యాసార్థం సాధారణంగా 3.2 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్ద ఫిల్లెట్ ఒత్తిడిని ఒక గీత మీద కాక విశాలమైన వంపు మీద పరుస్తుంది. ఇంత మేలు చేసే ఫిల్లెట్‌కు తగ్గట్టు బేరింగ్ అంచు ఏటవాలుగా కోసి ఉండాలి. మామూలు బేరింగ్ వేస్తే దాని అంచు ఫిల్లెట్ మీదెక్కి, మొదటి రోజే మెరిసే వలయం గీస్తుంది. క్రాంక్ కొనేటప్పుడే ఆ ఫిల్లెట్‌కు సరిపడే బేరింగ్ పేరు రాయించుకోండి.

ఉపరితలాన్ని గట్టిపరిచే పద్ధతుల్లో ఇండక్షన్ పద్ధతి జర్నల్‌ను మిల్లీమీటరుకు మించిన లోతు వరకు గట్టిపరుస్తుంది. మళ్ళీ గ్రైండ్ చేసినా గట్టిదనం మిగులుతుంది. కానీ గట్టి భాగం ఫిల్లెట్‌కు ముందే ఆగిపోతే, ఆ సరిహద్దు పడకూడని చోటే పడుతుంది. నైట్రైడింగ్ వేరు. సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటల తరబడి నత్రజనిని ఉక్కులోకి ఇంకిస్తారు కనుక ఫిల్లెట్‌తో సహా ఉపరితలమంతా పలుచగా గట్టిపడి, లోపలికి నొక్కుకున్నట్టుండే ఒత్తిడితో నిలుస్తుంది. పగులు పుట్టాలంటే ముందు ఆ నొక్కుడును దాటాలి. ఓవల్, సర్క్యూట్ రేసులకు నేను నైట్రైడింగ్ లేని క్రాంక్‌ను సూచించను.

నూనె రంధ్రం అంచు కూడా పగులు మొదలయ్యే స్థానమే. ఆ అంచు పదునుగా ఉందా, గుండ్రంగా నునుపు చేశారా అన్నది వేలిని ఒక్కసారి తిప్పితే తెలిసిపోతుంది. రంధ్రం మెయిన్ జర్నల్ నడిమధ్యగుండా పోతే, వేగంగా తిరిగేటప్పుడు నూనె ముందుగా అపకేంద్ర బలాన్ని ఎదిరించి మధ్యకు చేరవలసి ఉంటుంది. మెయిన్ జర్నల్ పైనుంచి రాడ్ జర్నల్‌కు నేరుగా పోయే రంధ్రమే రేసుకు నయం.

బరువు, సమతూకం, డ్యాంపర్

తేలికైన క్రాంక్, ట్రాకు మలుపు దాటిన వెంటనే ఇంజనును చురుగ్గా పుంజుకోనిస్తుంది. కానీ అక్షానికి దగ్గరగా ఉన్న లోహాన్ని తొలిచినందువల్ల తూకం తగ్గుతుందే తప్ప, తిప్పడానికి పట్టే శ్రమ పెద్దగా తగ్గదు. రాడ్ జర్నల్‌ను తొలిస్తే దానికి ఎదురుగా ఉన్న కౌంటర్‌వెయిట్ కూడా చిన్నదవుతుంది కాబట్టి అక్కడి ఆదా నిజమైనది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో డ్రాగ్ పరుగుకు వెళ్ళే బండిలో ఈ తేలికదనానికి డబ్బు పెట్టడం వృథా.

సమతూకం విషయంలో తికమక ఎక్కువ. 1985 వరకు వచ్చిన 350 క్రాంక్ తనంతట తానే సమతూకంగా ఉంటుంది, వెనుక నూనె సీలు రెండు ముక్కలుగా ఉంటుంది. 1986 నుంచి సీలు ఒకే ముక్క అయింది, సమతూకానికి కావలసిన కొంత బరువు ఫ్లైవీల్‌కు చేరింది. 400కు ముందు డ్యాంపర్ మీదా, వెనుక ఫ్లైవీల్ మీదా బయటి బరువులు అవసరం. ఇవి కలగాపులగమైతే ఇంజను వణుకుతూనే నడిచి, కొన్నాళ్ళకు మెయిన్ బేరింగ్‌లను తినేస్తుంది. ఎక్కువ వేగానికి బయటి బరువుల్లేని అమరికే మేలు. అవసరమైతే ఉక్కుకు రెట్టింపు దాటిన సాంద్రత గల టంగ్‌స్టన్ లోహాన్ని కౌంటర్‌వెయిట్‌లో దిగగొట్టించాలి. ఎల్‌ఎస్ క్రాంక్ కొనేవారు వెనుకనున్న సెన్సర్ చక్రం 24 పళ్ళదా, 58 పళ్ళదా అన్నది తమ కంప్యూటర్‌తో సరిచూసుకోవాలి.

డ్యాంపర్ ప్రస్తావన లేకుండా క్రాంక్ సలహా పూర్తి కాదు. ప్రతి పేలుడుకూ క్రాంక్ కాస్త మెలిపడి వెనక్కి వస్తుంది. వీ8లో చుట్టుకు నాలుగు పేలుళ్ళు. ఆ లయ క్రాంక్ సహజ కంపనంతో కలిసిన వేగం వద్ద మెలి పెరిగిపోతుంది, ముందు కొసన అది ఎక్కువగా ఉంటుంది. ఈ శక్తిని వేడిగా మార్చి పారేసేది డ్యాంపరే. రబ్బరు ఎండి, బయటి వలయం జారిన పాత డ్యాంపర్‌తో కొత్త 4340 క్రాంక్‌ను నడపడం ఆ క్రాంక్‌కు చేసే అన్యాయం. ఎస్‌ఎఫ్‌ఐ 18.1 (రేసింగ్ డ్యాంపర్ల భద్రతా ప్రమాణం) గుర్తున్న డ్యాంపర్‌ను క్రాంక్ ఖర్చులోనే కలిపి లెక్కవేయండి.

ఎవరికి ఏది

వారాంతాల్లో 6,000 ఆర్‌పీఎం లోపు పరుగెత్తే 350కి పరీక్ష చేయించిన కంపెనీ నాడ్యులర్ క్రాంక్, మంచి డ్యాంపర్ చాలు. 500 హార్స్‌పవర్ దాకా వెళ్ళాలనుకునేవారు పోత ఉక్కు దగ్గర ఆగకుండా నేరుగా ఫోర్జింగ్‌కు వెళ్ళాలి. 5140కీ 4340కీ ధరలో ఉన్న తేడా ఇంజను మొత్తం ఖర్చులో చిన్నది. 383 కట్టేవారు ఆ తేడాను చూసి వెనుకాడకూడదు. ఓవల్ ట్రాకుకు మెలితిప్పని 4340 ఫోర్జింగ్, 3.2 మిల్లీమీటర్ల ఫిల్లెట్, నైట్రైడింగ్ అన్న మూడూ కలిసి ఉండాలి. ఒకటి వదులుకోక తప్పకపోతే తేలిక బరువును వదులుకోండి, వీటిని కాదు. ఎల్‌ఎస్‌లో ఎల్‌ఎస్7 ఇంజను 101.6 మిల్లీమీటర్ల స్ట్రోక్‌తో, ఫోర్జింగ్ ఉక్కు క్రాంక్‌తో కంపెనీ నుంచే వచ్చింది. ఎల్‌ఎస్1 నాడ్యులర్ క్రాంక్‌ను మార్చదలచినవారికి అలాంటి క్రాంక్ గట్టి పునాది. సూపర్‌ఛార్జర్ పెట్టేవారు మాత్రం ఎల్‌ఎస్ డ్యాంపర్‌కు క్రాంక్ మీద జారకుండా ఆపే కీ (చీల) ఉండదనీ, బోల్టు బిగింపు మీదే నిలుస్తుందనీ గుర్తుంచుకుని పిన్ వేయించుకోవాలి.

ఏ క్రాంక్ కొన్నా బ్లాక్ సంగతి ముందు తేల్చుకోవాలి. మెయిన్ క్యాప్‌లు (మెయిన్ జర్నల్‌లను కింది నుంచి పట్టే ముక్కలు) కదిలే బ్లాక్‌లో, మెయిన్ రంధ్రాలు ఒకే గీతలో లేని బ్లాక్‌లో ఎంత గొప్ప క్రాంక్ అయినా ప్రతి చుట్టుకూ వంగుతుంది. లైన్ హోనింగ్ (ఆ రంధ్రాలను ఒకే గీతకు తెచ్చే సానపని) చేయించి, మెయిన్ జర్నల్‌కు సుమారు 0.06 మిల్లీమీటర్ల సందు ఉందో లేదో కొలిపించండి.

వాడిన క్రాంక్ చవకగా దొరికినప్పుడు పగుళ్ళను బయటపెట్టే అయస్కాంత పొడి పరీక్ష రశీదు లేకుండా డబ్బు ఇవ్వకండి. నైట్రైడింగ్ చేసినదైతే మరొక్కటి అడగాలి. మళ్ళీ గ్రైండ్ చేశారా, చేస్తే ఎంత తీశారు? పావు మిల్లీమీటరు తీసిన జర్నల్ మీద ఆ గట్టి పొర దాదాపు మిగలదు, ఫిల్లెట్‌ను కాపాడే నొక్కుడు కూడా దానితోపాటే పోతుంది. గ్రైండింగ్ తరువాత మళ్ళీ నైట్రైడింగ్ చేయించి, నిటారుగా ఉందో లేదో చూపించగలిగితేనే తీసుకోండి. వంగిన నైట్రైడ్ క్రాంక్‌ను ప్రెస్ కింద పెట్టి సరిచేశామని అమ్మేవాడు చెప్తే, ధర ఎంత తగ్గించినా అక్కడి నుంచి వచ్చేయండి. ఆ వంపు తీసేటప్పుడే గట్టి పొరలో కంటికి కనిపించని పగుళ్ళు పడి ఉండవచ్చు.